కంటికి కానరావాలె, ముక్కుకు అందొద్దు

బడిలో మధ్యాహ్న భోజనం వడ్డిస్తుండగా ఫోను మోగింది. నేనిప్పుడు పనిచేసేది మహబూబాబాద్ దగ్గరి ఒక పల్లెలో. ఆ రోజు పిల్లలకు గుడ్డు పెట్టే రోజు. ఒకటో తరగతి పిల్లకు గుడ్డు ఒలిచి పెడుతూ ఫోనును చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకున్నాను. నంబరు కొత్తది.

"కోడి టీచరేనా?" అని అడిగింది ఒక ఆడగొంతు.

ఎవరో వేళాకోళం చేస్తున్నారనుకున్నాను. ఆమె మళ్లీ అంది: "మా అవ్వ ఫోనుల నీ పేరు గట్లనే ఉన్నది. అవ్వ మొన్న పొద్దుగాల సచ్చిపోయింది. ఫోనుల ఉన్నోళ్లందరికి చెప్తున్న."

ఏ అవ్వ అని నేను అడగలేదు. కోళ్లతో ముడిపెట్టి నన్ను గుర్తుంచుకునే మనిషి ఈ భూమ్మీద ఒక్కతే. గుడ్డు చేతిలోనే ఉండిపోయింది. పక్క టీచరు వచ్చి దాన్ని తీసుకొని పిల్లకు తనే పెట్టింది. పోయినామెకు అరవై దాటాయి, దమ్ము, అంటే ఆయాసం జబ్బు, ఉంది, ఆ వయసులో పోవడం వింతేమీ కాదు. నన్ను కొయ్యబార్చింది వేరే సంగతి. ఆమెకు నేనొక నిజం చెప్పాల్సి ఉంది. రెండేళ్లుగా చెబుదాం చెబుదాం అనుకుంటున్నాను. వేసవి సెలవులు రానీ అనుకున్నాను, సర్వే డ్యూటీ అయిపోనీ అనుకున్నాను, బదిలీ హడావిడి తగ్గనీ అనుకున్నాను. పిల్లల చేత మాత్రం రేపటి పని ఇవాళే చేయాలని కాపీ రాయిస్తాను. ఈలోగా ఆమె పోతుందన్న ఆలోచనే నాకు రాలేదు.

ఆమె పేరు ఇక్కడ రాయను. నేనామెను అవ్వా అన్నాను, ఊరు ఊరంతా అవ్వ అనే అంది. పాలకుర్తి నుంచి కొడకండ్ల పోయే దారిలో ఒక ఊళ్లో నాలుగేళ్లు పనిచేశాను. అక్కడ మా అద్దె ఇంటి వెనకగోడకు ఆనుకొని ఆమె రెండు గదుల రేకుల ఇల్లు. వచ్చిన కొత్తలో ఆమెకూ నాకూ మాటల్లేవు. నేనేమో బడికి పోయే మనిషిని, ఆమేమో పొద్దున్నే పత్తి ఏరడానికో కలుపు తీయడానికో పోయే మనిషి. గోడ మీంచి నా కోళ్లను మాత్రం చూసేది. పాలకుర్తి అంగడిలో కొన్న ఆరు పెట్టలూ ఒక పుంజూ నావి. అంతసేపు ఏం చూస్తుందా అని నాకు కొంచెం అనుమానంగానే ఉండేది. దొంగచూపేమో అనుకున్నానని చెప్పుకోవడానికి ఇప్పుడు సిగ్గుగా ఉంది.

మా పరిచయం ఒక ఆదివారం పొద్దున మొదలైంది. వీధికుక్క ఒకటి దొడ్లోకి చొరబడి గోధుమరంగు పెట్టను పట్టుకుంది. నేను చీపురు తీసుకొని పరిగెత్తేసరికి వదిలేసి పోయింది గానీ, పెట్ట వీపు మీద చర్మం అరచేయంత మేర లేచిపోయింది. లోపలి మాంసం కనిపిస్తోంది. మా ఆయన చూసి, ఇక బతకదు, కోసేద్దాం, కూరకైనా వస్తుంది అన్నాడు. నాకు మనసొప్పలేదు. భయపడి వణుకుతోంది గదా, తన వాళ్ల మధ్య ఉంటే ధైర్యంగా ఉంటుందని, మిగతా కోళ్లు మేస్తున్న చోట దాన్ని మెల్లగా దింపాను.

నల్లపెట్ట మెడ సాచి గాయాన్ని ఒక కంటితో చూసింది. ఒక్క పోటు పొడిచింది. ముక్కుకు అంటిన నెత్తురు చూసి మిగతావి చుట్టూ చేరాయి. ఒకే గూట్లో ఒకదానికొకటి ఒరుసుకొని పడుకునే కోళ్లు, దాని వీపు మీది మాంసాన్ని గింజలు ఏరినట్టు ఏరుకు తినసాగాయి. అది అరవను కూడా అరవలేదు, నేలకు అంటుకుపోయింది. ఎక్కడి కాళ్లు అక్కడే ఆగిపోయి నేను చూస్తూ నిలబడ్డాను.

గోడ దూకి వచ్చింది అవ్వ. ఆ వయసులో, చీర కుచ్చెళ్లు దోపుకొని, ఎట్లా దూకిందో దూకింది. కాలితో కోళ్లను అటూ ఇటూ తన్ని, గాయపడినదాన్ని ఒక్క చేత్తో లేపి చంకలో పెట్టుకుంది. నా వైపు తిరిగి, "నెత్తురు సూసినంక కోడికి అక్కాచెల్లె ఉండది టీచరమ్మా" అంది. ఆమె నాతో మాట్లాడిన మొదటి మాట అదే.

పెట్టను తన ఇంటికి తీసుకుపోతుందనుకున్నాను. తీసుకుపోలేదు. గోరువెచ్చని నీళ్లలో ఉప్పు వేసి పుండు కడిగింది. చుట్టూ ఈకలు కత్తిరించింది. కొబ్బరినూనెలో పసుపు కలిపి రాసింది. ఇంటికి పోయి ఒక చిన్న సీసా తెచ్చి, ఆ పసుపు మీద ముదురు నీలం మందు పూసింది. పిల్లల నోటిపూతకు పెడతారే, ఆ మందే. మందు పని పుండు మాన్పడం ఒక్కటే కాదనీ ఎరుపు కనబడకుండా కప్పడం కూడాననీ ఆమె చెబితే గానీ నాకు తెలియలేదు. ఎరుపు కనిపిస్తే చాలు, పుండు మానినా సరే, పొడుస్తాయట. ఆ రోజే దొడ్డంతా తిరిగి ఎర్ర మగ్గు తీసేయించింది, తాడు మీద ఆరేసిన నా ఎర్ర లంగా తీయించింది, చివరికి నా చేతి ఎర్రగాజులు కూడా మార్పించింది.

అంతా అయ్యాక వెదురు గంప ఒకటి తెచ్చి, దొడ్డి నడిమధ్యన, కోళ్లు మేసే చోటే దాని కింద పెట్టను పెట్టింది. నాకు మతిపోయింది. ఇప్పుడే గదా పొడిచి తిన్నాయి, మళ్లీ వాటి మధ్యనేనా అన్నాను. అప్పుడు చెప్పింది ఆ మాట. తరువాత రోజూ చెప్పేది, ఎవరు అడిగినా అడగకపోయినా.

"కంటికి కానరావాలె, ముక్కుకు అందొద్దు."

లోపల గదిలో దాచి నెల తరువాత తెస్తే, అది తమదన్న సంగతే మిగతావి మరిచిపోతాయట. కొత్త కోడి వచ్చిందని చంపేస్తాయట. అందుకే రోజూ కళ్ల ముందు ఉండాలి, పక్కపక్కనే మేయాలి, ముక్కు మాత్రం తగలకూడదు. గంప చుట్టూ నూకలు చల్లేది. లోపల అదీ బయట ఇవీ ఒకే నూకలు తినేవి. నల్లపెట్ట వెదురు సందులోంచి ముక్కు దూర్చబోతే ఆమె నోటితో ఉఫ్ అని ఊదేది, దొంగదానా అని తిట్టేది. ఆ పెట్టలకు నేను పెట్టుకున్న పేర్లు ఏవీ ఆమె పలకలేదు. అన్నీ ఆమెకు "గిది", "గది".

మూడు వారాలు రోజూ వచ్చింది. ముందు తలుపు తీసి ఉన్నా ఆమె దారి వెనకనుంచే. వచ్చి నీళ్ల డ్రమ్ము మీద వేళ్లతో రెండుసార్లు కొట్టేది, అంటే వచ్చానని. కుర్చీ వేస్తే కూర్చునేది కాదు. బకెట్ బోర్లించి దాని మీద కూర్చునేది. టీ ఇస్తే తాగేది గానీ, ఉడకబెట్టిన గుడ్డు ఇస్తే పళ్లెం అటు జరిపేది. ఒకసారి గుడ్డు ఎందుకు తినవు అవ్వా, మంచిది గదా అని నేను బడిలో చెప్పే పాఠమంతా అప్పజెప్పాను. ఓపిగ్గా విని, "మంచిదే, పిలగాండ్లకు పెట్టు" అంది.

ఆమె చేతుల్లో ఒక వింత ఉండేది. చిన్న వస్తువు ఏదైనా సరే, బిస్కెట్టు గానీ మందు సీసా గానీ నా ఫోను గానీ, బొటనవేలు పైనా చూపుడువేలు కిందా పెట్టి, కొంచెం ముందుకు వంచి పట్టుకునేది. అట్లా పట్టుకుని ఒక్క క్షణం ఆగేది, ఆ తరువాతే వాడేది. చూపుడువేలి కొస మీద చర్మం మెరుస్తూ, గీతలు లేకుండా నున్నగా ఉండేది. ఆధార్ మిషన్ మీద వేలు పడక రేషన్ డీలరు దగ్గర ప్రతి నెలా గొడవేనని నవ్వుతూ చెప్పేది. ఇంకొకటి, ఎక్కడైనా వెంట్రుకలు కాలిన వాసన వస్తే అక్కడ ఉండేది కాదు. ఒకరోజు నేను దువ్వెనకు చిక్కిన వెంట్రుకలు పొయ్యిలో వేశాను. టీ గ్లాసు అక్కడే పెట్టి, చెప్పకుండా వెళ్లిపోయింది.

మర్నాడు వచ్చాక అడిగితే చెప్పింది. నేను మళ్లీ నోరు తెరుచుకొని విన్నాను.

జనగామ వైపు కోళ్ల షెడ్లలో పదిహేనేళ్లు పనిచేసిందట. గుడ్లు పెట్టే కోళ్లవి. ఆమె పని కోడిపిల్లల ముక్కులు కోయడం. ఎర్రగా కాలిన బ్లేడు ఉన్న మిషన్ ముందు కూర్చోవాలి. కోడిపిల్ల తల వెనక బొటనవేలు, గొంతు కింద చూపుడువేలు పెట్టి, ముందుకు వంచి ముక్కును బ్లేడు మీద పెట్టాలి. పొగ వస్తుంది, వాసన వస్తుంది, ఒక్క క్షణం ఆపితే నెత్తురు ఆగిపోతుంది. దాన్ని పక్కకు వేసి ఇంకొకటి. పొద్దున మొదలుపెడితే చీకటి పడేదాకా అదే పని. ఎందుకట్లా అని అడిగాను. ముక్కులుంటే ఒకదాన్నొకటి పొడుచుకు తింటాయని షెడ్ల సారు చెప్పాడట. ఆమె ఇరుకు షెడ్లలోవి తప్ప వేరే కోళ్లను ఆ పదిహేనేళ్లూ సరిగ్గా చూడలేదు. మా దొడ్డి గోడ మీంచి చూస్తుండేది అందుకేనట. ముక్కులున్న కోళ్లు కలిసి ఎట్లా బతుకుతున్నాయా అని.

అప్పుడు గంపలో ఉన్నదాన్ని చూపిస్తూ అంది:

"ముక్కులున్న కోళ్ల నడుమ గిది మల్ల బతుకుతదా అన్నది సూడాలని ఉన్నది టీచరమ్మా. నెత్తురు రుచి సూసినవి గదా అవి. గయినా కూడ కలిసి ఉంటె, నేను గన్నేండ్లు కోసింది ఊకెనే కోసినట్టు."

"ఉండకపోతే?"

"సారు చెప్పింది నిజమన్నట్టు."

ఆ లెక్కన పెట్ట చస్తేనే ఆమెకు మేలు. నాకు ఆ సంగతి అప్పుడే తట్టింది. టీచరు బుద్ధి ఊరుకోదు గదా, మరి నీకు ఏది కావాలె అవ్వా అని అడిగాను. గంప వైపు చూసింది. దాని తల మీద ఈగ వాలితే తోలింది.

"బతకాలె" అంది.

ఆ మాటతో ఆమె నాకు మరో మనిషిగా కనిపించింది. తన పదిహేనేళ్ల కష్టం తప్పని తేలినా సరే, ఈ ఒక్క పెట్ట బతకాలని కోరుకుంటోంది. చదువుకున్న నేను ఎప్పుడైనా నా తప్పు నిరూపణ కావాలని కోరుకున్నానా అని ఆలోచించాను. ఒక్కసారీ గుర్తుకు రాలేదు.

పుండు మానింది. చర్మం మూసుకుంది, ఈకల మొలకలు వచ్చాయి. అక్కడక్కడ ఇంకా బోడిగా ఉన్నచోట ఆమె నీలం మందు మళ్లీ పూసింది. శ్రావణమాసం, ఒక శుక్రవారం. ఆమెకు ఆ రోజు పాలకుర్తి చర్చిలో ఉపవాస ప్రార్థన, రాత్రికి చెల్లె ఇంట్లో ఉండి పొద్దున్నే ఆటోకు వస్తానంది. పోయేముందు నాకు అంతా అప్పజెప్పింది. పొద్దుగూకాక కోడికి కళ్లు కనబడవు, అప్పుడు దాన్ని గూట్లో మిగతావాటి నడుమ కూర్చోబెట్టాలి. తెల్లారి లేచి చూసుకుంటే ఇది మనదే గదా అనుకుంటాయి. తాను వచ్చేసరికి అన్నీ కలిసి మేస్తూ ఉండాలని, గోడ దాకా పోయి మళ్లీ వెనక్కి వచ్చి చెప్పింది. ఆమె ముఖంలో అంత ఆత్రం నేనెప్పుడూ చూడలేదు.

ఆ సాయంత్రం దీపం పెట్టి లక్ష్మీపూజ చేసుకున్నాను. హారతి ఇచ్చి లేచేసరికి పొద్దుగూకింది. పెట్టను గంపలోంచి తీసి ఒళ్లో పెట్టుకున్నాను. మూడు వారాల తరువాత ఇల్లు చేరుతోంది, మంచి రోజు, శుక్రవారం. మా ఇళ్లలో కొత్త బండి కొన్నా బొట్టు పెడతాం, వరి నాటుకు ముందు మడిలో మొదటి నారుకట్టకు పెడతాం, బడిలో కొత్త బీరువా వస్తే దానికీ పెట్టాం. చేయి దానంతటదే పోయింది. దాని వీపు మీద, బోడిగా నున్నగా ఉన్నచోట, పసుపు రాసి కుంకుమ పెట్టాను. తల్లీ, దీన్ని చల్లగా చూడమని దండం పెట్టుకున్నాను. గూట్లో కూర్చోబెట్టి తలుపు వేశాను.

ఎర్ర మగ్గు తీసేసిన మనిషిని నేను. ఎర్ర గాజులు మార్చుకున్న మనిషిని నేను. కుంకుమ ఎరుపన్న సంగతి మాత్రం నా బుర్రకు తట్టలేదు. పుట్టి బుద్ధెరిగిన నాటినుంచీ అది నాకు కుంకుమే, రంగు కాదు.

తెల్లవారి గూట్లో చప్పుడుకు మెలకువ వచ్చింది. పోయి తలుపు తీశాను. మిగతావి బిలబిలమంటూ బయటికి వచ్చాయి. నల్లపెట్ట ముక్కు ఎర్రగా ఉంది. గోధుమపెట్ట మూలన పడి ఉంది, ప్రాణం లేదు. నేను బొట్టు పెట్టిన చోట, సరిగ్గా అక్కడే, గుంత పడింది. చుట్టూ నీలం మందు ఉన్నచోట ఒక్క గాటు లేదు. అది చూసీ చూడగానే నాకు అర్థమైంది. గూటి ముందే కూర్చుండిపోయాను.

డ్రమ్ము మీద రెండు దెబ్బలు వినబడ్డాయి. అవ్వ వచ్చింది. ఆమె గూట్లోకి వంగి చూసింది. పెట్టను బయటికి తీసి, అటూ ఇటూ తిప్పింది. నెత్తురులో కుంకుమ ఏది, నెత్తురు ఏదని తెలియడానికి లేదు.

"ఎర్రది ఏమన్న తాకిందా టీచరమ్మా? గుడ్డపేలికో, ఇంకేదన్ననో?"

నా బొటనవేలికి కుంకుమ ఇంకా అంటుకునే ఉంది. చేతిని కొంగు కింద పెట్టుకున్నాను.

"లేదవ్వా" అన్నాను.

ఎందుకన్నానో రెండేళ్లుగా నన్ను నేను అడుగుతున్నాను. ఆమె బొట్టు పెట్టుకోదు. ఆమె మూడు వారాలు బతికించినదాన్ని నా బొట్టు చంపిందని ఆమె ముందు ఒప్పుకోవడానికి నాకు నామోషీ అయింది. అంతకంటే చిన్న కారణం కూడా ఉంది, దాన్నీ దాచను. ఒక్కటే ఒక్క నియమం చెప్పింది, అది కూడా పాటించలేని టీచరని ఆమె అనుకుంటుందని భయపడ్డాను. బడిలో అబద్ధం ఆడిన పిల్లలను నిలబెట్టేదాన్ని.

ఆమె పెట్టను నేల మీద పెట్టి, బకెట్ బోర్లించుకొని కూర్చుంది. "అయితే సారు చెప్పిందే నిజం" అంది. కాసేపటికి ఆమె ముఖం కొంచెం తేటపడ్డట్టు కనిపించింది. పదిహేనేళ్లు చేసింది తప్పు కాదని తేలినందుకేమో, నిమ్మళంగా ఊపిరి పీల్చింది. నేను ఆ నిమ్మళాన్ని పట్టుకున్నాను. పోనీలే, నా అబద్ధం వల్ల ఆమె మనసుకు ఊరట దొరికింది గదా, ఇప్పుడు నిజం చెప్పి దాన్ని ఎందుకు చెడగొట్టడం అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. ఈ సాకు ఎంత బలంగా పనిచేసిందంటే, కొన్నాళ్లకు అది సాకన్న సంగతి కూడా మరిచిపోయాను.

నాలుగు రోజుల తరువాత ఆమె ఒక పాత కత్తి పట్టుకొని వచ్చింది. మిగిలిన వాటినైనా కాపాడుకోవాలి టీచరమ్మా అంది. గ్యాస్ పొయ్యి మీద కత్తి ఎర్రగా కాల్చింది. ఆ వాసన వస్తే పారిపోయే మనిషి, నా వంటింటి గడప మీద కూర్చుని నా అయిదు పెట్టల ముక్కులు కోసింది, ఆ తరువాత పుంజుది. ఒక్కొక్కదాన్నీ పట్టి అందించింది నేనే. వద్దని ఒక్క మాట అనాలంటే ఆ వెనక ఇంకో మాట చెప్పాలి. అది చెప్పలేక అందించాను. నల్లపెట్ట నా చేతుల్లో గింజుకున్నప్పుడు దాని గుండె కొట్టుకోవడం నా అరచేతికి తెలిసింది. పొగ లేచింది. ఆమె ముఖం పక్కకు తిప్పుకోలేదు. నేను తిప్పుకున్నాను.

ఆ ఏడాదే నాకు బదిలీ అయింది. కోళ్లను ఊళ్లోనే పంచిపెట్టాను. అవ్వకు దమ్ము ఎక్కువై, భూపాలపల్లి అవతల బిడ్డ దగ్గరికి వెళ్లిపోయింది. వెళ్లేముందు నా నంబరు ఫోన్లో వేయించుకుంది. అప్పుడప్పుడు చేసేది. బాగున్నవా, పిలగాండ్లు బాగున్నరా అని అడిగేది. ప్రతిసారీ చెప్పాలని నోటిదాకా వచ్చేది. ఆ పెట్ట మాట ఆమె ఎత్తలేదు గదా, నేనెందుకు ఎత్తాలని ఊరుకునేదాన్ని.

ఫోను వచ్చిన మూడో రోజు బిడ్డ ఇంట్లో ఆదరణ కూటం, పోయినవాళ్ల ఇంటివాళ్లను ఓదార్చే ప్రార్థన, పెట్టారు. కాళేశ్వరం పోయే బస్సు పట్టుకొని వెళ్లాను. దారిపొడుగునా, ఇక చెప్పడానికి మనిషి లేదు, నాతోనే పోతుంది ఆ సంగతి అనుకుంటూ కూర్చున్నాను. నిజం చెప్పాలంటే, ఆ ఆలోచనలో దుఃఖంతో పాటు కొంచెం తప్పించుకున్న భావం కూడా ఉంది.

ప్రార్థన అయిపోయాక అవ్వ బిడ్డ నన్ను దొడ్లోకి తీసుకుపోయింది, అవ్వ ఎప్పుడూ ఇక్కడే కూర్చునేదని. కోళ్లు మేస్తున్నాయి. ఆమె గుప్పెడు నూకలు చల్లింది. కోళ్లన్నీ పరుగెత్తుకొచ్చి పొడవసాగాయి. ఎంత పొడిచినా నూక ముక్కుకు అందడం లేదు, పక్కకు జారిపోతోంది. వంగి చూశాను. అన్నిటి ముక్కులూ మొండిగా ఉన్నాయి. గోడ అవతలి ఇంట్లో చూశాను. అక్కడా అంతే. ఎదురింటి గడప ముందూ అంతే.

ఈ వాడకట్టులోని కోళ్లన్నిటికీ అవ్వే కోసిందని, ఎవరి దగ్గరా పైసా తీసుకోలేదని బిడ్డ గర్వంగా చెప్పింది. టీచరమ్మ ఇంట్లో కళ్లారా చూశానని, అప్పటిదాకా తనకూ నమ్మకం లేకుండెనని ఇంటింటికీ తిరిగి చెప్పేదట.

అంతలో ఎదురింటావిడ ఒక పెట్టపిల్లను చంకలో పెట్టుకొని వచ్చింది. "అవ్వ లేకపాయె. నువ్వు పక్కనుండి పట్టి ఇచ్చినవట గదా, నీకు పని ఎరికేనని చెప్పేది. దీనికి జర కోసి పోరాదు టీచరమ్మా" అంది.

దాని ముక్కు లేతగా, పసుపుపచ్చగా, కొసదేలి ఉంది.

"కోయొద్దు" అన్నాను. నా గొంతు నాకే వినబడలేదు. మళ్లీ అన్నాను. "నా కోడి ముక్కులుండబట్టి చావలేదు. నేను దానికి కుంకుమబొట్టు పెట్టిన. ఆ ఎరుపు చూసి పొడిచినయి. ఎర్రది ఏమన్న తాకిందా అని అవ్వ అడిగింది. లేదని అబద్ధం చెప్పిన."

ఎదురింటావిడ నన్నూ దొడ్లోని కోళ్లనూ మార్చి మార్చి చూసింది.

"అయితె గిన్నిటికి ఊకెనే కోసినట్టా?"

అవునన్నాను. ఆమె పెట్టపిల్లను గట్టిగా పట్టుకొని తన ఇంటికి వెళ్లిపోయింది.

అవ్వ బిడ్డ అక్కడే నిలబడి ఉంది. తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండుననుకున్నాను. ఆమె చేతికి అంటిన నూకలు దులుపుకొని, నా వైపు చూడకుండా చెప్పింది:

"ముక్కులు కోసిన దినం అవ్వ బువ్వ ముట్టకపోయేది. ఏడ్సుకుంట పండేది. గంత బాధైతె ఎందుకు కోస్తవే అని నేను కొట్లాడేదాన్ని. కోయకపోతె టీచరమ్మ కోడి లెక్క సస్తయి బిడ్డా, ఆ పాపం నాకే ఉండనీ అనేది."

తరువాత లోపలికి పోయి, వచ్చినవాళ్లందరికీ పెట్టినట్టే నాకూ ఒక పళ్లెంలో అన్నం పెట్టి తెచ్చింది. బకెట్ బోర్లించి కూర్చోమంది. పళ్లెం నా చేతికి ఇచ్చి, తినమని చెప్పి, మిగతావాళ్లకు వడ్డించడానికి వెళ్లింది.